పాత సినిమా, కొత్త డిస్కు: 4కె కొనడంలో లాభమెంత?

నచ్చిన సినిమాను డబ్బు పెట్టి కొనుక్కుని ఇంట్లో దాచుకునే అలవాటున్న వాళ్ల చేత స్టూడియోలు అదే సినిమాను మళ్లీ మళ్లీ కొనిపిస్తూ వచ్చాయి. అమెరికాలో 1997లో డీవీడీ వచ్చింది. 2006లో బ్లూ-రే వచ్చింది. 2016లో అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే వచ్చింది, వాడుకలో దాన్నే 4కె డిస్కు అంటున్నారు. వీడియో క్యాసెట్ నుంచి డీవీడీకి మారినప్పుడు లాభమేమిటో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. డీవీడీ నుంచి బ్లూ-రేకి మారినప్పుడూ తేడా కళ్లకు కట్టినట్టే కనిపించింది. మూడో మార్పు దగ్గరే చాలామంది ఆగిపోయారు. బ్లూ-రేలోనే బొమ్మ చక్కగా ఉంటే, అదే సినిమాకు ఇంకో పాతిక ముప్పై డాలర్లు పోసి 4కె డిస్కు కొనడం దేనికి?

ఈ ప్రశ్నకు అందరికీ పనికొచ్చే ఒకే జవాబు లేదు. అయితే జవాబును తేల్చే అంశాలు మాత్రం మనకు బాగా తెలిసినవే. మన కంటిచూపు, టీవీ ఇచ్చే వెలుగు, సినిమా తీసిన మూలం, డిస్కులో పట్టే సమాచారం. ఈ నాలుగింటినీ వరసగా చూస్తే, అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో ఉండే ఆ '4' అన్న అంకె చెప్పేది చాలా కొంచెమేనని, చెప్పనిదే ఎక్కువని తెలుస్తుంది.

డిస్కులో ఏం మారింది?

మూడు రకాల డిస్కులూ పైకి ఒకేలా ఉంటాయి. 12 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం. తేడా అంతా వాటి మీద గుంతలను ఎంత చిన్నగా, ఎంత దగ్గరగా ముద్రించగలమన్న దానిలో ఉంది. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజరు. బ్లూ-రేని చదివేది 405 నానోమీటర్ల నీలి ఊదా లేజరు. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ కాంతిని మరింత సన్నని బిందువుగా కుదించవచ్చు. బిందువు సన్నబడితే గుంతలను మరింత ఒత్తుగా పేర్చవచ్చు. అందుకే డీవీడీ ఒక పొరలో 4.7 గిగాబైట్లు పడితే, బ్లూ-రే ఒక పొరలో 25 పట్టాయి. అల్ట్రా హెచ్‌డీ డిస్కు లేజరును మార్చలేదు. ఒక్కో పొరలో ఇంకాస్త ఒత్తుగా రాసి, మూడు పొరల దాకా పేర్చి, 100 గిగాబైట్ల వరకు చోటు సంపాదించింది. బొమ్మను కుదించే పద్ధతి కూడా మారింది. డీవీడీలో ఎంపెగ్-2, బ్లూ-రేలో ఎక్కువగా హెచ్.264 ఉండేవి. ఇప్పుడున్నది హెచ్.265. ఇది తన ముందు తరం పద్ధతి ఇచ్చిన నాణ్యతనే దాదాపు సగం సమాచారంతో ఇవ్వగలదు.

ఇక చుక్కల లెక్క. పాల్ అనే టీవీ ప్రమాణం పాటించే డీవీడీలో ఒక్కో ఫ్రేముకు 720 × 576, అంటే సుమారు 4 లక్షల 15 వేల పిక్సెళ్లు ఉంటాయి. బ్లూ-రేలో 1920 × 1080, దాదాపు 20 లక్షల 74 వేలు. అల్ట్రా హెచ్‌డీలో 3840 × 2160, దాదాపు 83 లక్షలు. అంటే బ్లూ-రేకి నాలుగింతలు. వినడానికి పెద్ద మాటే కానీ ఇది వైశాల్యపు లెక్క. అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు కలిసి నాలుగింతలయ్యాయి. ఒక సన్నని గీత కనబడుతుందా లేదా అని చూసే కంటికి పెరిగిన వివరం రెండింతలే. అదైనా మనం కూర్చునే దూరం నుంచి కంటికి అందితేనే లెక్క.

కన్ను ఎంతవరకు చూడగలదు?

కంటి వైద్యుడు గోడ మీది అక్షరాలు చదివించి 6/6 చూపు ఉందని రాశాడంటే, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం చేసే వివరాన్ని మనం విడదీసి చూడగలుగుతున్నామని అర్థం. ఈ కొలతను టీవీకి వర్తింపజేద్దాం. 55 అంగుళాల టీవీ తెర వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు. అందులో 1920 పిక్సెళ్లు పరిస్తే ఒక్కోటి 0.63 మిల్లీమీటర్లు ఉంటుంది. అది మన కంటి దగ్గర డిగ్రీలో అరవయ్యో వంతు కోణం చేసే దూరం 2.2 మీటర్లు, అంటే ఏడడుగుల పైచిలుకు. అంతకంటే వెనక కూర్చుంటే బ్లూ-రే పిక్సెళ్లే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వాటిని ఇంకా చిన్నవి చేసినా కంటికి కొత్తగా అందేది పెద్దగా ఉండదు. 4కె వివరమంతా అందాలంటే మూడున్నర అడుగుల దగ్గరికి జరగాలి.

ఇదే లెక్కన 43 అంగుళాల టీవీకి ఆ హద్దు ఐదున్నర అడుగులు. 65 అంగుళాలకు ఎనిమిదిన్నర. 100 అంగుళాల ప్రొజెక్టర్ తెరకు 13 అడుగులు. మన హాళ్లలో సోఫాకీ టీవీకీ మధ్య ఎనిమిది నుంచి పది అడుగుల దూరం ఉండటం మామూలే. అంటే 43 అంగుళాల టీవీ ఉన్న ఇంట్లో చుక్కల కోసం 4కె డిస్కు కొంటే ఆ డబ్బు వృథా. ప్రొజెక్టర్ పెట్టుకున్న ఇంట్లో అదే డిస్కు తన విలువ చూపిస్తుంది.

6/6 అన్నది మామూలు చూపుకు పెట్టుకున్న కొలత. అదే ఆఖరి హద్దు కాదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, మెటా సంస్థ పరిశోధకులు కలిసి చేసిన కొలతలు 2025లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో వచ్చాయి. డిగ్రీకి 60 పిక్సెళ్లనుకున్న హద్దు నలుపు తెలుపు గీతలకు సగటున 94 దాకా వెళ్తుందని, ఎరుపు ఆకుపచ్చ గీతలకు 89 అని, పసుపు ఊదా గీతలకు 53 మాత్రమేనని వాటిలో తేలింది. ఈ కొత్త హద్దు ప్రకారం 55 అంగుళాల టీవీలో బ్లూ-రేకీ 4కెకీ తేడా పదకొండు అడుగుల దాకా కొంత కనిపించవచ్చు. అయితే ప్రయోగశాలలో చూపించేవి స్పష్టమైన గీతలు. సినిమాలో కదిలే ముఖాలు, ఫోకస్‌లో లేని నేపథ్యాలు ఉంటాయి, అంత సన్నని వివరం ప్రతి ఫ్రేములోనూ ఉండదు. కాబట్టి ఏడు నుంచి పదకొండు అడుగుల మధ్య ఉన్నది సందేహపు ప్రాంతం. అక్కడ కూర్చునేవాళ్లకు తేడా ఉంటుంది కానీ కొట్టొచ్చినట్టు ఉండదు.

అసలు మార్పు వెలుగులో ఉంది

పిక్సెళ్లతోనే కథ అయిపోతే ఈ డిస్కుల్ని మరచిపొమ్మని చెప్పవచ్చు. వీటితో వచ్చిన నిజమైన మార్పు వేరు. దాని పేరు హెచ్‌డీఆర్, హై డైనమిక్ రేంజ్. చీకటికీ వెలుగుకూ మధ్య దూరాన్ని అది పెంచింది.

డీవీడీ, బ్లూ-రే రెండూ పిక్చర్ ట్యూబు టీవీల కాలం నాటి ప్రమాణాన్ని మోసుకొచ్చాయి. అందులో అత్యంత తెల్లని తెలుపు అంటే 100 నిట్ల వెలుగు. నిట్ అంటే చదరపు మీటరుకు ఒక క్యాండెలా. ఇంత ఇరుకు పరిధిలో సినిమాను కూర్చడం వల్ల ఒక నష్టం జరిగేది. ఒక గదిలో తెల్ల చొక్కా వేసుకున్న మనిషి, అతని పక్కన దీపం, వెనక కిటికీలోంచి మధ్యాహ్నపు ఆకాశం ఉన్నాయనుకోండి. నిజ జీవితంలో ఈ మూడు తెలుపుల వెలుగులో వందల రెట్ల తేడా ఉంటుంది. పాత డిస్కులో మూడూ ఇంచుమించు ఒకే తెలుపుగా మారిపోతాయి. లేదా కిటికీని కాపాడటానికి మనిషిని చీకట్లోకి నెట్టాల్సి వస్తుంది.

అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రంగులు దిద్దేటప్పుడు 1000 నిట్లు, కొన్నిసార్లు 4000 నిట్లు ఇచ్చే మానిటర్లు వాడతారు. ఆ వెలుగును అంకెల్లోకి మార్చే సూత్రాన్ని డాల్బీ సంస్థ రూపొందించింది. 2014లో అది ప్రమాణమైంది. దాని పై హద్దు 10,000 నిట్లు. మన కన్ను చీకటిలో చిన్న తేడాను కూడా పట్టుకుంటుంది, వెలుగులో పెద్ద తేడాను మాత్రమే గుర్తిస్తుంది. ఈ సూత్రం ఆ స్వభావాన్ని అనుసరించి, చీకటి భాగానికి సన్నని మెట్లు, వెలుగు భాగానికి పెద్ద మెట్లు కేటాయిస్తుంది. మెట్ల సంఖ్య కూడా పెరిగింది. బ్లూ-రేలో ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే 256 స్థాయిలు. కొత్త డిస్కులో 10 బిట్లు, 1024 స్థాయిలు. మూడు రంగులూ కలిపితే పాతదానిలో దాదాపు 1.68 కోట్ల ఛాయలు వచ్చేవి, కొత్తదానిలో 107 కోట్లు వస్తాయి. సంధ్యాకాశంలో రంగు నెమ్మదిగా మారేచోట పాత డిస్కుల్లో కనిపించే పట్టీలు కొత్తవాటిలో మాయమవడానికి కారణం ఇదే.

రంగుల పరిధి కూడా విస్తరించింది. బ్లూ-రే చూపగలిగే రంగులు మన కన్ను చూడగల రంగుల్లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. డిజిటల్ సినిమా హాళ్లలో వాడే పరిధి అంతకంటే సుమారు పావు వంతు పెద్దది. అల్ట్రా హెచ్‌డీ డిస్కు ఆ హాలు పరిధిని పూర్తిగా ఇముడ్చుకోగలదు. కుంకుమ ఎరుపు, నెమలికంఠం నీలం, లేత వరిచేను ఆకుపచ్చ వంటి గాఢమైన రంగుల దగ్గర తేడా బయటపడుతుంది.

ఇదంతా ఎంత దూరంలో కూర్చున్నా కనిపిస్తుంది. పిక్సెల్ కనబడని పదడుగుల దూరంలోనూ దీపం వెలుగు వెలుగుగానే, నీడ నీడగానే అందుతుంది. 4కె డిస్కు కొనడానికి అన్నిటికన్నా గట్టి కారణం ఇదే.

కానీ దీనికి తగ్గ టీవీ ఉండాలి. తక్కువ ధర టీవీల మీద హెచ్‌డీఆర్ అని రాసి ఉంటుంది. అది ఆ సంకేతాన్ని అందుకోగలదన్న హామీ మాత్రమే, దాన్ని చూపించగలదన్న హామీ కాదు. 300 నిట్లకు మించి వెలగలేని తెర, 1000 నిట్ల కోసం దిద్దిన బొమ్మను తన స్థాయికి నొక్కేస్తుంది. అప్పుడు బొమ్మ బ్లూ-రే కంటే మబ్బుగా కనిపించినా ఆశ్చర్యం లేదు. ఒక్కో పిక్సెల్‌నూ విడిగా ఆర్పగలిగే ఓఎల్‌ఈడీ తెరలు, వెనక దీపాలను చిన్న చిన్న భాగాలుగా తగ్గించి పెంచగలిగే మంచి ఎల్‌ఈడీ తెరలు ఉన్నప్పుడే డిస్కు శక్తి బయటికి వస్తుంది.

మూలంలో ఉంటేనే డిస్కులోకి వస్తుంది

ఏ డిస్కైనా తనకు అందిన బొమ్మనే చూపగలదు. అందుకే 4కె డిస్కు కొనేముందు సినిమా ఎప్పుడు, దేని మీద తీశారన్నది తెలుసుకోవాలి. ఇక్కడ చాలామంది ఊహకు విరుద్ధమైన సంగతి ఒకటుంది. 1960ల నాటి సినిమా 4కెలో అద్భుతంగా ఉండవచ్చు, 2000ల నాటి సినిమా అంతంత మాత్రంగా ఉండవచ్చు.

కారణం ఫిల్ము. 35 ఎంఎం నెగటివ్‌ను బాగా తీసి, బాగా దాచి ఉంచితే అందులో బ్లూ-రే చూపగలిగిన దానికంటే ఎక్కువ వివరం ఉంటుంది. 65 ఎంఎం నెగటివ్‌లో ఇంకా చాలా ఎక్కువ. డేవిడ్ లీన్ 1962లో తీసిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా' నెగటివ్‌ను సోనీ సంస్థ 8కెలో స్కాన్ చేయించి, సినిమాకు యాభై ఏళ్లు నిండిన 2012లో 4కె ప్రతిని తెచ్చింది. 2020లో అది అల్ట్రా హెచ్‌డీ డిస్కుగా వచ్చింది. ఎడారి ఎండమావుల్లోంచి ఒమర్ షరీఫ్ ఒంటె మీద వచ్చే దృశ్యం అందులో ప్రసిద్ధం. అతను మొదట దిగంతం దగ్గర వణికే ఒక నల్లని బిందువు. ఆ బిందువును ప్రేక్షకుడు చూసి ఎదురుచూడటమే ఆ దృశ్యానికి ప్రాణం. చిన్న టీవీల్లో, పాత క్యాసెట్లలో ఆ బిందువు దొరకదు. పెద్ద తెర మీద 4కెలో అది మొదటి క్షణం నుంచీ ఉంటుంది. కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కూడా 65 ఎంఎం నెగటివ్ నుంచి 8కెలో స్కానై 2018లో డిస్కుగా వచ్చింది. ఇలాంటి సినిమాలకు ఆలోచించనక్కర్లేదు.

2000 సంవత్సరం నుంచి పరిస్థితి మారింది. కోయెన్ సోదరుల 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' సినిమా మొత్తాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి రంగులు దిద్దారు. ఆ పద్ధతికి డిజిటల్ ఇంటర్మీడియట్ అని పేరు, మన సినిమావాళ్లు డీఐ అంటారు. అప్పటి కంప్యూటర్ల శక్తిని బట్టి దాన్ని 2కెలో చేశారు. అంటే అడ్డంగా సుమారు 2000 పిక్సెళ్లు, బ్లూ-రేకి ఇంచుమించు సమానం. తర్వాత పదిహేనేళ్లకు పైగా హాలీవుడ్‌లో ఎన్నో భారీ చిత్రాలు, ముఖ్యంగా గ్రాఫిక్స్ ఎక్కువున్నవి, 2కెలోనే పూర్తయ్యాయి. నెగటివ్ ఎంత గొప్పదైనా, పూర్తయిన సినిమా అంతే. వాటిని 4కె డిస్కు మీదికి తెచ్చేటప్పుడు కంప్యూటర్‌తో సాగదీస్తారు. అరచేతంత ముగ్గును వాకిలంతా వేసినట్టు గీతలు సాగుతాయి గానీ కొత్త చుక్కలు పుట్టవు.

మరి అలాంటి డిస్కులు దండగా? వెలుగు సంగతి మళ్లీ ఇక్కడ పనికొస్తుంది. జార్జ్ మిల్లర్ 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' ఆరీ అలెక్సా కెమెరాలతో చిత్రీకరించి 2కెలో పూర్తిచేసిన సినిమా. అయినా 2016లో వచ్చిన తొలి విడత 4కె డిస్కుల్లో బాగా మెప్పు పొందినవాటిలో అదొకటి. ఆ కెమెరా చీకటి వెలుగుల మధ్య దాదాపు 14 స్టాపుల తేడాను పట్టగలదు. ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపవుతుంది కాబట్టి ఇది 16 వేల రెట్లకు పైనే. అందులో చాలా భాగాన్ని 100 నిట్ల బ్లూ-రే వదిలేయాల్సి వచ్చింది, కొత్త డిస్కు చూపగలిగింది. నారింజ రంగు ఎడారి, మంటలు, తుపానులో మెరుపులు ఉన్న సినిమాకు అదెంత లాభమో వేరే చెప్పక్కర్లేదు. ప్రధానంగా సంభాషణలతో నడిచే 2కె సినిమాకు ఆ లాభం బాగా తగ్గిపోతుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఫిల్ములో బొమ్మను నిర్మించేది వెండి లవణాల రేణువులు. తెర మీద అవి సన్నని కదిలే ఇసుకలా కనిపిస్తాయి. దాన్నే గ్రెయిన్ అంటారు. బొమ్మలోని వివరమంతా ఆ గ్రెయిన్‌లోనే ఉంటుంది. దాన్ని మచ్చ అనుకుని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తే చర్మం మీది రంధ్రాలు, బట్ట నేత, జుట్టు పోగులు కూడా తుడుచుకుపోతాయి. 2017లో వచ్చిన 'టెర్మినేటర్ 2' 4కె డిస్కులో ముఖాలు మైనంతో చేసినట్టున్నాయని అభిమానులు బాధపడ్డారు. 2024లో వచ్చిన 'ఏలియన్స్', 'ట్రూ లైస్' డిస్కుల్లో యంత్రంతో బొమ్మకు పదును పెట్టిన తీరు మీద పెద్ద చర్చే జరిగింది. మంచి నెగటివ్ ఉన్నా దాన్ని గౌరవించని చేతుల్లో పడితే పాత బ్లూ-రేయే నయమనిపిస్తుంది. కొనేముందు ఆ డిస్కును చూసినవాళ్ల సమీక్షలు చదవడం తప్పనిసరి అనేది ఇందుకే.

స్ట్రీమింగ్‌లోనూ 4కె ఉంది కదా?

ఉంది. పిక్సెళ్ల లెక్కలో రెండూ సమానమే. తేడా ఆ పిక్సెళ్లకు కేటాయించే సమాచారంలో ఉంది. కుదింపు ఏమీ లేకుండా 10 బిట్ల 4కె సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున పంపాలంటే, రంగుల వివరాన్ని వాడుక ప్రకారం తగ్గించుకున్నా సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు కావాలి. రెండున్నర గంటల సినిమా మూడు వేల గిగాబైట్లు దాటిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ 4కె ప్రసారానికి సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్ వేగం ఉంటే చాలంటుంది. అంటే అసలు సమాచారాన్ని రెండు వందల వంతుకు కుదిస్తున్నారన్నమాట. డిస్కులో సెకనుకు సగటున 50, 60 మెగాబిట్లు ఉండటం మామూలు, కష్టమైన దృశ్యాల్లో అది వంద దాకా పోగలదు. మన ఇంటికి 300 మెగాబిట్ల ఫైబర్ కనెక్షన్ ఉన్నా ఉపయోగం లేదు. ఎన్ని బిట్లు పంపాలో నిర్ణయించేది ఆ సంస్థ సర్వర్.

పగటి వెలుగులో ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే దృశ్యంలో ఈ తేడా తెలియదు. కుదింపు పద్ధతి ముందు ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మారినదాన్ని మాత్రమే పంపి మిగతాది ఆదా చేస్తుంది. పొగ, వాన, నీటి అలలు, మంట, చీకటి వచ్చినప్పుడు ప్రతి ఫ్రేములోనూ అంతా మారుతుంది. ఆదా చేయడానికి ఏమీ మిగలదు. అప్పుడు బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది, నీడలు పట్టీలుగా చీలతాయి. 2019 ఏప్రిల్‌లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఆఖరి సీజన్‌లో రాత్రి యుద్ధపు భాగం ప్రసారమైనప్పుడు ఏమీ కనబడలేదని ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. లోపం తన చిత్రీకరణలో లేదని, కుదింపులోనూ ఇళ్లలోని టీవీల అమరికలోనూ ఉందని ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్ వాదించారు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన 4కె డిస్కులో అదే భాగంలోని చీకటి ఎన్నో పొరలతో, స్పష్టంగా కనిపించింది.

ధ్వనిలో తేడా ఇంకా సూటిగా ఉంటుంది. డిస్కులో డాల్బీ అట్మాస్ ధ్వని ఏ నష్టమూ లేకుండా, స్టూడియోలో కూర్చినది కూర్చినట్టే వస్తుంది. స్ట్రీమింగ్‌లో అదే అట్మాస్ కుదింపులో కొంత పోగొట్టుకుని వస్తుంది. టీవీకి ఉన్న చిన్న స్పీకర్లలో ఈ తేడా వినపడదు. గదిలో మంచి స్పీకర్లు అమర్చుకున్నవాళ్లకు మాత్రం కొన్నిసార్లు బొమ్మకంటే ధ్వనే డిస్కు కొనడానికి కారణమవుతుంది.

స్ట్రీమింగ్ పద్ధతిలోనే లోపం ఉందనడం న్యాయం కాదు. సోనీ తన బ్రావియా టీవీలకు సెకనుకు 80 మెగాబిట్ల దాకా ఇచ్చే సేవను 2021లో మొదలుపెట్టింది. బిట్లు ఇస్తే ఎక్కడి నుంచైనా మంచి బొమ్మ వస్తుంది. కోట్లమందికి ఒకేసారి పంపాల్సిన సంస్థలు అన్ని బిట్లు ఇవ్వడానికి ఇష్టపడవు, అంతే.

చేతిలో ఉన్నదే మనది

నాణ్యత పక్కన పెట్టినా, డిస్కుకు ఇంకో విలువ ఉంది. స్ట్రీమింగ్‌లో ఈ నెల ఉన్న సినిమా వచ్చే నెల ఉంటుందన్న నమ్మకం లేదు. డబ్బిచ్చి కొన్న డిజిటల్ ప్రతి కూడా నిజానికి వాడుకునే అనుమతి మాత్రమే. 2023 డిసెంబరులో ప్లేస్టేషన్ వినియోగదారులు కొనుక్కున్న డిస్కవరీ కార్యక్రమాలను వాళ్ల ఖాతాల్లోంచి తీసేస్తామని ప్రకటన వచ్చింది. గొడవ జరిగాక ఆ నిర్ణయాన్ని ఆపారు. డిస్కును అలా ఎవరూ వెనక్కి తీసుకోలేరు. పైగా అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ప్రాంతీయ తాళాలు లేవు. అమెరికాలో కొన్న డిస్కు హైదరాబాద్ ప్లేయర్‌లోనూ ఆడుతుంది.

అయితే ఈ రంగం కుంచించుకుపోతోందన్నది కూడా నిజం. ఓపో సంస్థ 2018లో ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకుంది. శామ్‌సంగ్ అమెరికాలో కొత్త ప్లేయర్లు తేబోమని 2019లో చెప్పింది. అమెరికాలోని పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ బెస్ట్ బై 2024లో సినిమా డిస్కుల అమ్మకం మానేసింది. డిస్కులు ఇక సంగీతాభిమానుల ఎల్పీ రికార్డుల్లాగా ప్రేమించేవాళ్ల కోసమే మిగులుతాయి. మంచి ప్లేయర్ కావాలనుకునేవాళ్లు ఇంకా పదేళ్లు ఆగుదామనుకోవడం తెలివైన పని కాదు.

తెలుగు సినిమా సంగతేమిటి?

ఇక్కడికి వచ్చేసరికి డిస్కు కొనడం కంటే ముందు మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తెలుగు సినిమాలు అల్ట్రా హెచ్‌డీ డిస్కుల మీద దొరకడం చాలా అరుదు. కానీ 4కె అన్న మాట మన థియేటర్ల దగ్గర బాగా మోగుతోంది. 2022 ఆగస్టులో 'పోకిరి' ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకున్న 4కె రీరిలీజుల సందడి 2025 నవంబరులో 'శివ' దాకా సాగుతూనే ఉంది. అభిమానులు ప్రాణం పెట్టి చూస్తున్నారు. వాళ్లు అడగాల్సిన ప్రశ్న ఏమిటంటే, ఆ 4కె ప్రతి దేని నుంచి వచ్చింది? అసలు నెగటివ్‌ను కడిగి స్కాన్ చేశారా, లేక ఎప్పుడో టీవీ కోసం తీసిన ప్రతిని సాగదీశారా? రెండింటి మీదా 4కె అనే రాయవచ్చు. మొదటిది పునరుద్ధరణ. రెండోది సాగదీత.

నెగటివ్ ఎప్పటికీ ఉండేది కాదు. అసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ క్రమంగా విచ్ఛిన్నమై వెనిగర్ వాసన వేస్తుంది, ముడుచుకుపోతుంది, పెళుసై విరుగుతుంది. రంగుల ఫిల్ములో అద్దకాలు వెలిసిపోతాయి. దశాబ్దాల పాటు మద్రాసు ల్యాబుల్లో తయారైన మన సినిమాలకు ఆ వేడీ తేమా కొత్తవి కావు. తొలి తెలుగు టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద' ఇప్పుడు ఏ రూపంలోనూ లేదు. పోయినదాన్ని ఏ 8కె స్కానరూ తేలేదు.

చెడిపోయినదాన్ని మాత్రం ఎంతో కొంత తేగలదు. సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం నెగటివ్‌లు 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన ముక్కల్ని అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ ఏళ్ల తరబడి భద్రపరిచింది. ఇటలీలోని బోలోన్యా నగరపు నిపుణులు వాటికి మళ్లీ తేమ పట్టించి, చేతులతో అతికి, స్కాన్ చేశారు. పనికిరాని చోట్ల ఇతర ప్రతుల నుంచి తీసుకున్నారు. 2015లో 4కె ప్రతి తెర మీదికి వచ్చింది, తర్వాత క్రైటీరియన్ సంస్థ డిస్కుల మీదికి తెచ్చింది. కాలిన నెగటివ్‌తో అంత చేయగలిగినప్పుడు, కాలకుండా పెట్టెల్లో ఉన్న తెలుగు నెగటివ్‌లతో ఎంత చేయవచ్చో ఊహించుకోవచ్చు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ చేపట్టిన పునరుద్ధరణ పనిలో మన సినిమాలకు తగిన చోటు దొరకాలంటే నిర్మాతలు, వారసులు తమ దగ్గరున్న నెగటివ్‌లను బయటికి తీసి అప్పగించాలి. రీరిలీజుతో వచ్చిన డబ్బులో కొంత ఆ సినిమా నెగటివ్ మీద పెట్టడం న్యాయం.

ఎవరు కొనాలి, ఏది కొనాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సూటిగా జవాబివ్వవచ్చు. డబ్బు పెట్టే వరస ముఖ్యం. ముందు తెర, తర్వాత ప్లేయర్, ఆఖరున డిస్కు. వెలుగు సరిగా ఇవ్వలేని టీవీకి 4కె డిస్కు కొనడం కంటే, ఆ డబ్బు దాచుకుని మంచి తెర కొనడం నయం. ప్లేయర్‌గా విడి పెట్టె అక్కర్లేదు. డిస్కు డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 ఇంట్లో ఉంటే అది చాలు.

తెర ఉన్నాక అమరిక సరిచూసుకోవాలి. కొన్ని టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టుకు పూర్తి సంకేతాన్ని అనుమతించే ఎంపికను మనమే సెట్టింగుల్లో పెట్టాలి, లేకపోతే హెచ్‌డీఆర్ రాదు. కదలికను నున్నగా చేసే సౌకర్యాన్ని ఆపేయాలి. సినిమాను సీరియల్‌లా మార్చేస్తుందని దాన్ని ఆపమంటూ టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్‌క్వారీ 2018లో ప్రత్యేకంగా ఒక వీడియోనే విడుదల చేశారు. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉన్న టీవీలో దాన్ని ఎంచుకుంటే చాలు. గదిలో దీపాలు తగ్గించాలి, ఎందుకంటే చీకటి వివరాలను గది వెలుగు మింగేస్తుంది.

ఇక సినిమాల ఎంపిక. మీ దగ్గర డీవీడీగా మాత్రమే ఉన్న ఇష్టమైన సినిమా 4కెలో వచ్చి ఉంటే నిస్సంకోచంగా మారండి. ఆ మార్పులో పిక్సెళ్లే ఇరవై రెట్లు. బ్లూ-రే ఉన్న సినిమాకైతే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఫిల్ము మీద తీసి, నెగటివ్ నుంచి 4కెలో కొత్తగా స్కాన్ చేశారా? వెలుగునీడలు, రంగులు ఆ సినిమాకు ప్రాణమా? మీ తెర, మీరు కూర్చునే దూరం ఆ తేడాను చూపిస్తాయా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే కొనండి. రెండింటికే వస్తే ధర తగ్గేదాకా ఆగండి. ఒక్కదానికే అయితే బ్లూ-రేతోనే ఉండండి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో దారి ఉంది. అక్కడి పబ్లిక్ లైబ్రరీల్లో చాలావాటిలో ఈ డిస్కులు కూడా ఉచితంగా అరువిస్తారు. తెచ్చుకుని సొంత తెర మీద చూసి, సొంత కళ్లతో తేల్చుకోవచ్చు.

సేకరణ మొత్తాన్ని కొత్త డిస్కుల్లోకి మార్చాలనుకోవడం అనవసరం. జీవితంలో మళ్లీ మళ్లీ చూస్తామని గట్టిగా నమ్మే పదో ఇరవయ్యో సినిమాలను మంచి 4కె ప్రతిగా తెచ్చిపెట్టుకోవడం మాత్రం పూర్తిగా సార్థకం. ఛాయాగ్రాహకుడు ఒక దృశ్యానికి దీపం ఎక్కడ పెట్టాలో ఆలోచించి పెట్టిన చోటు, ఎంత వెలుగు ఉండాలని కోరుకున్నాడో అంత వెలుగు, ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడికి అందించడానికి నేడున్నవాటిలో ఇదే మంచి సాధనం. మనం ప్రేమించే తెలుగు సినిమాలకు కూడా ఆ భాగ్యం దక్కాలంటే, ఆ పని డిస్కు దుకాణంలో కాక నెగటివ్‌లున్న గిడ్డంగుల్లో మొదలవ్వాలి, అదీ ఈ తరంలోనే.